రిబ్బను వెనక సీటీ మిషను

నేను ఒక సీటీ స్కానింగు మిషన్ని. ఎక్స్‌రేకి చిక్కనిది కూడా నా కంటికి చిక్కుతుంది. సముద్రం దాటి, లారీలో కుదుపులు తిని రాయలసీమలోని ఒక పెద్దాసుపత్రికి చేరాను. ఇంజనీరు నన్ను బిగించి, ఇక వాడుకోండన్నాడు. వాడుకోవడమా! తలుపుకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. మంత్రిగారు కత్తిరించాలట. ఆయనకేమో తీరిక లేదు, తీరిక దొరికేసరికి మూఢం వచ్చింది. అంతదాకా సిబ్బంది రోజూ రిబ్బను కింద నుంచి దూరి వచ్చి, నా చూపు పరీక్షించడానికి నీళ్లు నింపిన డబ్బాని నాకు చూపించి, బాగానే చూస్తోందని సంతోషపడేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

మంత్రిగారి కోసం ఆసుపత్రిని ముస్తాబు చేయాలి కదా. రక్తకేన్సరు వార్డు పక్క గోడలు పగలగొట్టారు. ఆ రోగుల్లో తెల్లకణాలు అడుగంటి ఉన్నాయి, దుమ్ములో బూజు ఉంటుంది, ఆపండని డాక్టర్ హైమావతి మొత్తుకుంది. సూపరింటెండెంటు వార్డుకో పరదా కట్టించి చేతులు దులుపుకున్నాడు.

ఆ వార్డులోనే పత్తిమిల్లు కూలీ సుంకన్న ఉన్నాడు. అతనికి జ్వరం పట్టుకుంది, ఏ మందుకీ దిగలేదు. ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. హైమావతి నమ్మలేదు. ఊపిరితిత్తుల్లో బూజు మొదట్లో ఎక్స్‌రేకి కనపడదని, సీటీలో అయితే చిన్న మచ్చ, చుట్టూ మసక వలయం కనిపిస్తాయని, వెంటనే మందు మారిస్తే మనిషి దక్కుతాడని సూపరింటెండెంటుకి చెప్పింది. బయట తీయించమన్నాడాయన. నెత్తురు గడ్డకట్టని మనిషిని అంత దూరం తిప్పలేనంది. పోనీ బూజుని చంపే ఆ మందన్నా ఇప్పించమంటే, స్కాను చూపించందే ఇవ్వకూడదని రూలు చెప్పాడు.

సుంకన్న భార్య ఓబుళమ్మ ఇదంతా విన్నది. సూపరింటెండెంటుని రిబ్బను దగ్గరే పట్టుకుంది.

"మీవాళ్లు దీని కింద దూరి పోతాండారు గదా సారూ. మా ఆయప్ప గూడా అట్లే దూరి పోతాడు. తెంపడు సారూ."

మంత్రిగారికంటే ముందు వాడారని తెలిస్తే తన ఉద్యోగం ఉండదన్నాడాయన. ఆ మాట అన్న మనిషిని అప్పుడే నా బల్ల మీద పడుకోబెట్టి, లోపల గుండె ఉందో లేదో చూడాలనిపించింది.

మూఢం వెళ్లింది, మంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించి, నా మీద చెయ్యేసి ఫొటో దిగారు. ఫొటోలోకి ఒక రోగి కావాల్సొచ్చి సుంకన్నని స్ట్రెచర్ మీద తోసుకొచ్చారు. ఊపిరి బిగబట్టమంటే అతని వల్ల కాలేదు. రెండు వైపులా ఊపిరితిత్తుల నిండా తెల్లటి ముద్దలు చూశాను. బయట చప్పట్లు కొడుతూనే ఉన్నారు. మందు ఆ రోజు ఇచ్చారు. సుంకన్న ఆ వారం దాటలేదు.

ఇప్పుడు నాకు క్షణం తీరిక లేదు. వచ్చినవాళ్లంతా ఎంత మంచి మిషనో అంటారు, అన్నప్పుడల్లా నాకు మంటగానే ఉంటుంది.

ఓబుళమ్మ కాగితాల కోసం వచ్చిన రోజు, ఒకసారి ఆ బొమ్మ చూపించమని హైమావతిని అడిగింది. తెర మీద ఆ తెల్లటి ముద్దల్ని చాలాసేపు చూసింది.

"నేనడిగిన దినమే తీసింటే ఎంతుండేది తల్లీ ఇది?"

హైమావతి అబద్ధం చెప్పలేకపోయింది. చిటికెన వేలు ఎత్తి, గోరు చూపించింది.