ఎఫీ చదవమన్న పుస్తకం

కవి లాక్లన్ పిరీ పుట్టినరోజు విందుకు ఆ రేవు ఊళ్ళో అందరూ వస్తారు. ఆయన కవిత్వం చదివినవాళ్ళను మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళు హాగిస్ అనే మాంసం వంటకం కోసం, విస్కీ కోసం వస్తారు. అందులో తప్పేమీ లేదు, బతికున్నప్పుడు పిరీ సాహిత్య సభలకు వెళ్ళిందీ అందుకే.

విందులో ఒక మగాడు లేచి ఆడవాళ్ళను ఆటపట్టించడం, ఒకావిడ లేచి బదులివ్వడం ఆనవాయితీ. పిరీ భార్య ఎఫీని ఏటా ముందు వరసలో కూర్చోబెట్టి పూలగుత్తి చేతిలో పెడతారే గాని నోరు విప్పనివ్వరు. ఈసారి బదులివ్వాల్సిన టీచరమ్మకు జ్వరమొచ్చింది. వేరే దిక్కులేక, విందు నడిపే పిరీ సంఘం అధ్యక్షుడు డంకన్ ఎఫీ దగ్గరికొచ్చాడు.

"రెండు ముక్కలు చాలండి. చివర్లో, ఆయన గురించి తెలుసుకోవాలంటే చదవమని నా పుస్తకం పేరు చెప్పేయండి."

డంకన్ రాసిన జీవితచరిత్ర దిండంత లావు. అందులో కవిగారి కుక్కకు ఒక అధ్యాయం. ఎఫీకి ఒకే వాక్యం, ఆవిడ టీ బాగా పెట్టేదని. అదీ అబద్ధమే, ఆ టీ కుక్క కూడా ముట్టేది కాదు.

అసలు పిరీ కవితల్లో ఊరు విని మెచ్చుకునే పాదాలన్నీ వంటింట్లో ఎఫీ మొగుణ్ణి తిట్టిన తిట్లు. పిరీ వాటిని కాస్త కడిగి అచ్చేయించుకున్నాడు. తను పోయేలోగా ఆ మాట నలుగురిలో బయటపడాలని ఎఫీ కోరిక.

ఎఫీ లేచింది.

"డంకన్ పుస్తకం కొనుక్కోండి. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవచ్చు. చదవడానికైతే క్రెయిగీ రాసింది చదవండి."

క్రెయిగీ పిరీకి పక్కింటివాడు, బద్ధశత్రువు. రెండిళ్ళ మధ్య గోడ పల్చన. పిరీ పోయాక కసికొద్దీ ఆ పుస్తకం రాశాడు. సంఘం దాన్ని లైబ్రరీలో కూడా ఉండనివ్వలేదు.

"ఎఫీగారూ, వాడు ఆయన్ని దొంగన్నాడండీ," అన్నాడు డంకన్.

"అన్నాడు. ఒక్క మంచి పాదమూ సొంతం కాదు, అన్నీ పెళ్ళాం తిట్లే అన్నాడు. గోడకి చెవి ఆనించి విన్నవాడయ్యా, వాడికి తెలీదూ?"

"అది అవమానం కదండీ."

"ఆయనకి. నాకు కాదు."

వెనక బల్ల దగ్గర చేపలమ్మే జీన్ గ్లాసెత్తింది. "మన ఎఫీకి," అంది. తాగడానికి ఏదో ఒక వంక చాలు గనక అందరూ ఎత్తారు. ఎవరో పిరీ పాదమొకటి అందుకున్నారు. తాగుబోతు మొగుణ్ణి గడప బయట నిలబెట్టే పాదం అది.

"అంత మెల్లగా అనలేదు నేను," అని ఎఫీ పూలగుత్తి డంకన్ చేతిలో పెట్టి, ఆ పాదాన్ని వంటింట్లో అరిచినట్టే అరిచి వినిపించింది.