తుకారాం చదివిన దఫా

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజారులో సామ్యూల్ దర్జీ దుకాణానికి మంచి పేరుండేది. అక్కడ కుట్టించుకున్న కోటు పదేళ్ళు తొడిగినా భుజాల దగ్గర జారదనేవారు. సామ్యూల్‌కు కోట్ల గురించి దిగులేమీ లేదు. ఆయన దిగులంతా సర్కారు గురించే. తండ్రి పల్టనులో దర్జీగా చేసి, తర్వాత ఈ దుకాణం పెట్టినవాడు. ముద్ర వేసిన కాగితం చేతికొస్తే నిలబడి చదవాలని కొడుక్కి నేర్పి పోయాడు. యాభై ఏళ్ళు వచ్చినా సామ్యూల్ అలాగే నిలబడి చదివేవాడు.

ఆ రోజుల్లో సర్కార్లే నిలకడగా ఉండేవి కావు. పందొమ్మిది వందల నలభై అయిదు దాకా బజారు తెల్లదొరల ఏలుబడిలో ఉండేది. ఆదివారం సెలవు. తర్వాత ఊరిని తిరిగి నిజాం సర్కారుకు అప్పగించారు. దఫ్తర్లకు శుక్రవారం సెలవు గనుక బజారులో సగం మంది శుక్రవారమే మూయడం మొదలుపెట్టారు. సామ్యూల్ కూడా తలుపు మీది పలక చెరిపి 'శుక్రవారం సెలవు' అని రాయించాడు. ఆదివారం పొద్దున మాత్రం రెండు గంటలు చర్చికి వెళ్ళొచ్చేవాడు. తన దుకాణంలో తనే సెలవు అడుక్కున్నట్టు తలవంచుకుని వెళ్ళేవాడు.

పలక ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాడు. కొత్త హుకుములన్నీ ఉర్దూలో వచ్చేవి. మిషన్ బడిలో చదివిన సామ్యూల్‌కు ఇంగ్లీషు వచ్చు, తెలుగు వచ్చు. ఉర్దూలో ఒక్క అక్షరం రాదు. దుకాణంలో ఉర్దూ చదవగలిగినవాడు తుకారాం ఒక్కడే.

తుకారాం పదిహేనేళ్ళుగా అక్కడి మూడు మిషన్లలో ఒకటి తొక్కుతున్నాడు. నలభై దాటాయి. మాట తక్కువ మనిషి. చిన్నప్పుడు తాలూకా బడిలో ఉర్దూలో నాలుగో జమాతు దాకా చదివాడు. కాగితం చేతికిస్తే మాత్రం గొంతు సవరించుకుని, వేలు కుడి నుంచి ఎడమకు నడిపిస్తూ, ఒక్కో దఫా, అంటే ఒక్కో సెక్షను, చదివి తెలుగులో చెప్పేవాడు.

నలభై ఏడు ఎండాకాలంలో దుకాణాల గురించి ఒక కాగితం వచ్చింది. సామ్యూల్ లేచి నిలబడ్డాడు. తుకారాం చదివాడు.

"దఫా ఒకటి. దుకాణంల పని చేసెటోళ్ళ పేర్లు కితాబుల రాసి పెట్టాలె. దఫా రెండు. పొద్దుమూకినంక గంట కన్న ఎక్కువ పని చేపియ్యొద్దు."

అక్కడ కాస్త ఆగి, మూలన కూర్చుని కాజాలు కుట్టే లచ్చమ్మ వైపు ఒకసారి చూశాడు.

"దఫా మూడు. పొద్దున పదకొండుకు ఒకపారి, పగటీలి మూడుకు ఒకపారి పనోళ్ళకు చాయ్ పొయ్యాలె."

"చాయ్ సంగతి సుత రాసిన్రా?" అన్నాడు సామ్యూల్.

"రాసిన్రు సాబ్. పాలతోని."

సర్కారు పాల దాకా ఆలోచించి రాసిన తర్వాత మారుమాట ఏముంటుంది. మర్నాటి నుంచి ఎదుటి ఇరానీ హోటలు నుంచి రెండు పూటలా చాయ్ రావడం మొదలైంది. పక్క చెప్పుల దుకాణం యేసురాజు నవ్వు ఆపుకోలేక అడిగాడు.

"ఏందన్నా, రోజూ పనోళ్ళకు చాయ్ పోస్తున్నవ్. ఇంట్ల పెండ్లి గిట్ల పెట్టుకున్నవా?"

సామ్యూల్ జాలిగా చూశాడు. "మూడో దఫా చదువలేదా నువ్వు? ఫికర్ చెయ్యకు, నేనెవరికీ చెప్పను."

తర్వాత ఇంకో కాగితంలో, ఎండాకాలం పనివాళ్ళు మధ్యాహ్నం అరగంట నడుం వాల్చవచ్చని వచ్చింది. మరో కాగితంలో, ఆడమనిషికి వీపు ఆనే కుర్చీ వేయాలని వచ్చింది. సామ్యూల్ చాప కొన్నాడు, కుర్చీ చేయించాడు. ఆ సాయంత్రం కార్ఖానా పేటలోని ఇంటికి వెళ్ళి భార్య ప్రేమమణితో, "సర్కారును ఎంతన్నా తిట్టు గాని, పనోళ్ళ నడుం నొప్పి దాకా సోచాయించింది" అన్నాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన ఆ అయిదు రోజులూ బజారులో ఒక్క తలుపు తెరుచుకోలేదు. తెరిచేసరికి సర్కారు మారిపోయింది. పలక మీదికి మళ్ళీ ఆదివారం వచ్చింది. అది బాగానే ఉంది గాని, పాత దఫాలు చెల్లుతాయో లేదో ఎవరిని అడిగినా తెలియదన్నారు. కోటు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక మిలిటరీ సుబేదారును కొలతలు తీస్తూ అడిగాడు సామ్యూల్. ఆయన, ముందు నడుం కొలత సరిగ్గా తీయమన్నాడు. రద్దయినట్టు ముద్రతో కాగితం వచ్చేదాకా చాయ్ ఆపకపోవడమే మంచిదని సామ్యూల్ నిశ్చయించుకున్నాడు.

యాభై ఒకటి చివరలో కొత్త చట్టం వచ్చింది. ఈసారి ఇంగ్లీషులో, పుస్తకంగా. సామ్యూల్ సంబరం ఇంతా అంతా కాదు. ఇన్నాళ్ళకు తన చట్టం తనే చదువుకోవచ్చు. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, ఇంటి వరండాలో నిలబడి పైకి చదవసాగాడు. బడిలో పాఠాలు చెప్పే ప్రేమమణి కూర్చుని వింది. పని గంటలు వచ్చాయి, సెలవులు వచ్చాయి, రిజిస్టర్లు వచ్చాయి. చాయ్ రాలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు. చాప లేదు, కుర్చీ లేదు.

"కొత్తోళ్ళు తీసేసినట్టున్నరు" అన్నాడు దిగులుగా.

ప్రేమమణి కాసేపు ఆలోచించింది. "ఏమండీ, ఆ పాత కాగితాలు ఇటివ్వండి. మా స్కూల్లో ఉర్దూ టీచరమ్మకు చూపిస్తాను."

మర్నాడు సాయంత్రం ప్రేమమణి కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. చెప్పడానికి నోరు తెరిచి, నవ్వొచ్చి మూసుకుంది. చివరికి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "పాలు కూడా లేవండీ" అంది.

సామ్యూల్‌కు నవ్వు రాలేదు. మంగళవారం దుకాణం తెరవగానే తుకారాం ముందు ఆ కాగితాలు పరిచాడు.

"మూడో దఫా ఒకసారి చదువు."

తుకారాం వేలు కుడి చివర ఆనింది. "పొద్దున పదకొండుకు ఒకపారి..."

"చాయ్ అన్న మాట ఏడుందో వేలు పెట్టి చూపియ్యి."

వేలు దారి తప్పిన చీమలా కాగితమంతా తిరిగి, అంచు దాటి బల్ల మీదికి వచ్చి ఆగింది.

"లేదు సాబ్."

"చాప?"

"అది సుత లేదు."

"కుర్చీ?"

మూలన లచ్చమ్మ చప్పుడు కాకుండా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నన్నడిగితే నేను కాదంటనా?" అన్నాడు సామ్యూల్. కోపంగా అందామనుకున్న మాట ఎందుకో బేలగా వచ్చింది.

"ఆ ఎండకాలం లచ్చమ్మ కాజా కుట్టుకుంట కుట్టుకుంట కండ్లు తిరిగి పడ్డది సాబ్. మీరు బయటికి పోయిన్రు. మీకు చెప్పొద్దని బతిమాలుకున్నది. సర్కారు చెప్తే మీరు రెండో మాట లేకుండ వింటరు. నేను చెప్తే వింటరో వినరో ఎరుకలేక..."

సామ్యూల్‌కు అబద్ధం కన్నా ఆ చివరి మాటే ఎక్కువ గుచ్చుకుంది. గుచ్చుకున్న చోటు చూసుకోవడం ఇష్టంలేక, "ఇయ్యాల్టి సంది చట్టంల ఏమున్నదో గదే జరుగుతది" అని కత్తెర తీసుకున్నాడు.

పదకొండయింది. మూడు మిషన్లూ అలవాటుగా ఒక క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. మూడు గంటలకు తలనొప్పి వచ్చింది సామ్యూల్‌కే. నాలుగేళ్ళుగా ఆయన కూడా వాళ్ళతోపాటే తాగుతున్నాడు మరి. పట్టుదల కొద్దీ నీళ్ళు తాగి ఊరుకున్నాడు.

బుధవారం పొద్దున చంకలో ఫైలుతో లేబరు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. రిజిస్టర్లు చూశాడు. పలక చూశాడు. ఇంత శుభ్రంగా రాసిన దుకాణం బజారులో ఇంకోటి లేదని మెచ్చుకున్నాడు. సామ్యూల్ నిలబడే విన్నాడు. ఇన్‌స్పెక్టరు లచ్చమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, మధ్యలో విశ్రాంతి ఇస్తున్నారా?"

"ఇస్తరు సార్. రెండుపార్ల చాయ్ సుత పోస్తుండె, నాలుగేండ్ల సంది. నిన్ననే బంద్ చేసిన్రు."

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. ఫైలులోంచి చట్టం తీసి చివరి పేజీలు తిప్పాడు. "ఎందుకు ఆపారండీ? ఇదిగో, ఈ సెక్షను చూడండి. పనివాళ్ళకు ఇంతకుముందే అలవాటుగా ఇస్తున్న సదుపాయం ఈ చట్టంలో ఉన్నదానికన్నా మెరుగైనదైతే, చట్టం పేరు చెప్పి దాన్ని తీసేయడానికి వీల్లేదు."

సామ్యూల్ అంతదాకా చదవలేదు. చాయ్ కోసం వెనక్కి వెనక్కి తిప్పాడే గాని చివరికంటా వెళ్ళలేదు. అది అలవాటు కాదు, అబద్ధం అని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. తుకారాం తల ఎత్తలేదు. వాడి కాలు మిషను తొక్కుడు బల్ల మీద కదలకుండా ఉంది. సర్కారు కాగితాన్ని కావాలని తప్పు చదివాడని ఫైలులో పడితే ఈ కుర్రవాడు ఏం చేస్తాడో ఎవరికి తెలుసు.

"ఆపలేదు సార్" అన్నాడు సామ్యూల్. "ఎదుటి ఇరానీ హోటలు నిన్న మూసిన్రు."

ఇన్‌స్పెక్టరు తల తిప్పి చూశాడు. హోటలు ముందు నలుగురు సాసర్లలో చాయ్ ఊదుకుంటున్నారు.

"తెరిచే ఉందిగా."

"గిప్పుడే తెరిచిన్రు సార్" అంది లచ్చమ్మ.

"పొయ్యి ఖరాబైందట" అన్నాడు తుకారాం, ఇంకా తల ఎత్తకుండానే.

ఇన్‌స్పెక్టరు ముగ్గురి ముఖాలూ వరసగా చూశాడు. ఏదో అర్థమైనట్టే ఉంది. అది ఫైలులో రాసేటంతటిది కాదనుకున్నాడో ఏమో, సంతకం చేసి లేచాడు. సామ్యూల్ చాయ్ తాగి వెళ్ళమన్నాడు. దుకాణదారుల దగ్గర ఏమీ తీసుకోకూడదని తమకూ ఒక రూలు ఉందని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

సామ్యూల్ కూలబడ్డట్టు బల్ల మీద కూర్చున్నాడు. సర్కారుతో అబద్ధమాడటం జీవితంలో అదే మొదలు. కాసేపటికి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆయన నవ్వేదాకా ఆగి మిగతావాళ్ళు నవ్వారు.

"తుకారాం, ఇంకేమన్న దఫాలున్నయా నీ కడుపుల? ఉంటే ఇప్పుడే చెప్పు. కాగితం లేకుండ, నీ నోటితోని."

తుకారాం చాలాసేపు టేపు చుట్టాడు, విప్పాడు. "ఒకటున్నది సాబ్. అది చదువనీకె ధైర్యం చాలలే." ఆగి, మళ్ళీ అన్నాడు. "ఏడాది సంది సూదిల దారం ఎక్కిస్తలేను. కండ్లు కానొస్తలేవు. లచ్చమ్మనే ఎక్కిచ్చి ఇస్తున్నది. నా మిషను జెర తలుపు దిక్కు జరిపితే..."

తలుపు దగ్గర వెలుగులో ఉండేది సామ్యూల్ బట్ట కత్తిరించే బల్ల. తండ్రి కాలం నుంచి అది అక్కడే ఉంది. వచ్చేపోయే వాళ్ళు ఆయనకు సలాము చేసేది అక్కడే. సామ్యూల్ బల్ల వైపు చూశాడు, తుకారాం వైపు చూశాడు. లేచి, బల్ల మీది గుడ్డలు తీసి లచ్చమ్మ చేతికి అందించాడు. తనూ తుకారామూ చెరో పక్కా పట్టి బల్లను లోపలి గోడకు చేర్చారు. మిషను తలుపు దగ్గరికి వచ్చింది.

మధ్యాహ్నానికి సామ్యూల్ లోపలి నీడలో ఒక కోటు గుడ్డ పరిచి సుద్ద గీత గీశాడు. గీత ఎక్కడ గీశాడో ఆయనకే కనబడలేదు. గుడ్డ పట్టుకుని తలుపు దాకా వచ్చి, వెలుగులో పెట్టి చూసుకున్నాడు. అప్పటికీ కంటికి సరిగ్గా ఆనలేదు. తుకారాం ఆ గీతను వేలితో చూపించబోయి, తనకూ కనబడక ఊరుకున్నాడు. ఇద్దరికీ కళ్ళజోళ్ళు కావాలని సాయంత్రానికి లచ్చమ్మ తేల్చింది.