బూడిద రంగు 'వద్దు'

నేను ఒక బటన్‌ని. చొక్కాకు కుట్టేది కాదు, సెల్‌ఫోన్ తెర మీద ఉండేది. ఏదైనా సైటు తెరవగానే కింద నుంచి ఒక పలక లేచి, 'మేము కుకీలు వాడతాము, మీకు సమ్మతమేనా' అని అడుగుతుంది చూడండి, దాని మీద 'వద్దు' అని రాసి ఉండేది నేనే. మీలో చాలామంది నన్ను చూసి ఉండరు. చూడకూడదనే నన్నలా తయారు చేశారు.

కుకీ అంటే తినేదనుకునేరు. మీరు ఏ పేజీ చదివారో గుర్తుంచుకోవడానికి మీ ఫోన్లో దోపే చీటీ అది. ఆ చీటీ పట్టుకుని వ్యాపారులు మీ వెంటపడతారు.

నేను పుట్టింది హైదరాబాదులో, చర్మవ్యాధుల గురించి చెప్పే ఒక సైటు వాళ్ళ ఆఫీసులో. మేఘమాల అనే అమ్మాయి నన్ను గీసింది. మొదట నన్ను, నా పక్కన 'సరే'ని సమానంగానే గీసింది పాపం. వాళ్ళ మేనేజరు వంశీధర్ వచ్చి చూశాడు.

"ఇంత క్లియర్‌గా పెడితే అందరూ వద్దే నొక్కుతారమ్మా. కొంచెం డల్ చెయ్."

"అప్పుడు కనపడదు కదా సార్."

"కనపడకపోతే మనకేం నష్టం?"

అంతే. 'సరే'కి పచ్చరంగు పూసి పెళ్ళికొడుకులా ముందు కూర్చోబెట్టారు. నన్ను తెల్లటి పలక మీద బూడిద రంగులో, 'మరిన్ని ఎంపికలు' అనే మాట వెనక దాచారు. పైగా ఆ పలక నెత్తిన 'మీ గోప్యత మాకు ముఖ్యం' అని రాశారు. సిగ్గుండాలి.

దానికన్నా పెద్ద ఘోరం ఇంకోటి ఉంది. మా సైటులో రోగులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చర్చావేదిక ఉంది. అది మావాళ్ళు కట్టింది కాదు. వేరే కంపెనీ కట్టినదాన్ని అద్దెకు తెచ్చి, గోడకు కిటికీ బిగించినట్టు మా పేజీలో బిగించారు. నన్ను నొక్కితే ఆ సంగతి మా పేజీకి తెలుస్తుంది. కిటికీకి ఎవరూ చెప్పరు. పేజీ తెరుచుకోగానే, మనిషి ఔనన్నా కాదన్నా, ఆ కిటికీ తన చీటీ తాను దోపేస్తుంది. నా మాట చెవిటివాడి ముందు శంఖమే. ఇది చూసుకోవాల్సినవాళ్ళు చూసుకోలేదు. కిటికీ మనది కాదుగా అని ఊరుకున్నారు.

అలాంటి రోజుల్లో శేషకుమారి వచ్చింది. ఒంగోలులో కర్రీ పాయింట్ నడిపే మనిషి. భర్త పోయాక ఆ కొట్టే ఆమెకు కూడూ గుడ్డా. మోచేతి పైన చిన్న తెల్లమచ్చ లేచింది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని దాచుకుంటోంది. మా పలక రాగానే ఆమె తొందరపడలేదు. కళ్ళు చికిలించుకుని, ఒక్కొక్క మాటా చదువుకుంటూ, 'మరిన్ని ఎంపికలు' తెరిచి, వెతికి వెతికి నన్ను నొక్కింది. నన్ను అంత శ్రద్ధగా వెతికి నొక్కినవాళ్ళు అంతకుముందు లేరు. అప్పటికే కిటికీ తన పని కానిచ్చేసింది. అరుద్దామంటే నాకు నోరేది?

చర్చావేదికలో మారుపేరుతో ఆమె అడిగింది ఇంతే. 'ఇది అంటుకుంటుందా? ఈ చేత్తో వండితే తినేవాళ్ళకేమైనా అవుతుందా?' తన సంగతి కాదు, తినేవాళ్ళ సంగతి. అంటుకునేది కాదమ్మా, నిశ్చింతగా వండుకో అని ఒక డాక్టరు జవాబిచ్చాడు.

నిశ్చింత ఎక్కడిది? ఆమె ఫోన్ కొట్లో గల్లాపెట్టె పక్కన నిలబెట్టి ఉంటుంది, పాత పాటలు మోగుతూ. పాటకూ పాటకూ మధ్య ప్రకటన రావడం మొదలైంది. 'తెల్లమచ్చలతో బాధపడుతున్నారా?' అని ఆడగొంతు, కొట్టంతా వినపడేలా. ఆమె ఉలిక్కిపడి నొక్కేస్తే ఇంకోటి. ఒకరోజు తహసీల్దారు ఆఫీసు గుమాస్తా భార్య కొట్టుకొచ్చి పప్పూ, దొండకాయ వేపుడూ కట్టించుకుంటూ ఆ గొంతు వింది.

"ఏంది కుమారీ, నేనొచ్చినప్పుడల్లా నీ ఫోన్లో ఇదే వస్తంది?"

"ఏమోనమ్మా, అదే వస్తంది."

"అదే ఎందుకొస్తది? మనం చూసేయే వస్తయ్యంట, మా అబ్బాయి చెప్పాడు." ఆ మాట అంటుండగానే ఆమె కళ్ళు కుమారి జాకెట్టు చేతుల మీదికి పోయాయి. కట్టించుకున్న పొట్లాలు బల్ల మీదే వదిలేసి, "తర్వాత వస్తాలే" అని వెళ్ళిపోయింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. శేషకుమారి పెదవి దాటనేలేదు, అయినా ఊరు దాటింది. సాయంత్రానికి వండిన గిన్నెలు వండినట్టే మిగలడం మొదలైంది. ఇదంతా ఆమె మా సైటుకు రాసుకుంది, 'నేను వద్దన్నాను కదండీ, మరి ఎవరు చెప్పారు?' అని. మా సైటు జవాబిచ్చింది. 'మీ గోప్యత మాకు ముఖ్యం.' ఆమె రాసింది ఏ మనిషీ చదవకుండానే, దానంతటదే పోయే జవాబు అది. నా ఒళ్ళు మండిపోయింది.

తర్వాత ఒక మందుల కంపెనీ మా సైటులో ప్రకటనలివ్వాలనుకుంది. వాళ్ళ లాయరు పేజీ పరీక్షించి, మనిషిని అడగకముందే మీ చర్చావేదిక చీటీలు దోపుతోంది, ఇలాగైతే మేం రాలేమన్నాడు. వంశీధర్ పరుగెత్తుకొచ్చాడు. మేఘమాల ఒక్క మధ్యాహ్నంలో సరిచేసింది. మనిషి ఔననేదాకా ఆ కిటికీ తెరుచుకోదు. నన్నూ ముందుకు తెచ్చి 'సరే'తో సమానం చేసి పచ్చరంగు పూసింది. ఒక్క మధ్యాహ్నం పని. ఒక ఆడమనిషి బతుకు కాలుతుంటే ఎవరికీ దొరకని మధ్యాహ్నం, లాభం పోతుందనగానే దొరికింది.

శేషకుమారి మళ్ళీ వచ్చింది. పక్కన ఆమె ఆడపడుచు వసుమతి ఉంది.

"వదినా, ఈసారి వద్దు అని పెద్దగా పెట్టారు చూడు. అది నొక్కు."

"అప్పుడు నొక్కలా? ఇంకా దాచేదానికేముందే."

ఆమె వేలు నన్ను దాటిపోయి 'సరే' మీద వాలింది. చర్చావేదిక తెరుచుకుంది. సొంత పేరుతో, ఊరి పేరుతో ఆమె ఇలా రాసింది.

'కొట్టు మూసేశాను. ఒంగోల్లో ఎవరికైనా వంటమనిషి కావాలంటే చెప్పండి. చేతికి మచ్చ ఉంది. మీకు ఫోన్ చెప్పకముందే నేనే చెబుతున్నాను.'