పెద్దాయన ముద్ద

క్రిస్మసు పండగంటే రూతమ్మకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అట్లాంటి మనిషికి ఆ ఏడు పండగ దగ్గరపడే కొద్దీ గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఏ ఇంట్లో అరిసెలకు బియ్యం నానబోసిన వాసన వచ్చినా తలుపు వేసుకునేది. నిద్ర లేదు, తిండి లేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు దిగేది కాదు.

తెల్లదొరల ఏలుబడి అది. ఈ సీమంతా కర్నూలు జిల్లాలో ఉండేది. రూతమ్మ పెనిమిటి కోటయ్య కొనకనమిట్ల పక్కన ఒక పల్లెలో సంఘ పెద్ద. వారమంతా కూలికి పోయేవాడు, ఆదివారం గుడిలో ప్రార్థన నడిపేవాడు. మనిషి నిలువెత్తు, మాట వెన్న. తీపంటే మాత్రం పడిచచ్చేవాడు. బెల్లం గడ్డ ఎక్కడ దాచినా చీమ కంటే ముందు ఆయనే కనుక్కునేవాడని రూతమ్మ నవ్వేది.

ఆ నవ్వు నిజమై కూర్చుంది పాపం. వానాకాలంలో ఆయనకు దప్పిక పట్టుకుంది. కడవెడు నీళ్ళు తాగినా నాలుక పిడచగట్టేది. కాలికి గుచ్చుకున్న తుమ్మముల్లు పుండై ఎంతకూ మానలేదు. ఒకనాడు దొడ్డి వెనక ఆయన ఒంటికి పోసిన చోట చీమలు బారులు తీరినాయి. రూతమ్మ ఆ చీమల్ని చూసి నిలబడ్డచోటే కూలబడింది. మరుసటి రోజే బండి కట్టించుకుని మిషను ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి డాక్టరమ్మ చూసి, "అతిమూత్రం. తీపి ముట్టొద్దు. వరిబువ్వ వద్దు. జొన్న, కొర్ర, ఆకుకూర, అదీ కొంచెం కొంచెంగా. లేదంటే ముందు కాలు పోతాది, తర్వాత మనిషి పోతాడు" అని చెప్పింది. ఆ మాట రూతమ్మ చెవిలో తేలు కుట్టినట్టు నిలిచిపోయింది. అప్పటి నుంచి ఆయనకు సంగటి, చెంచలాకు పప్పు, పలుచని మజ్జిగ. కోటయ్య గొణుక్కుంటూనే తిన్నాడు. పుండు మానుముఖం పట్టింది.

అంతా బాగుందనుకునే వేళకు పండగ వచ్చె.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. పండగ ఆరాధన అయినాక సంఘ పెద్ద ప్రతి గడపా తొక్కాల, ప్రార్థన చెయ్యాల, ఆ ఇంట్లో ఒక ముద్ద తినాల. పెద్దాయన ముద్ద ముడితేనే ఆ ఇంటికి పండగ. ఇదెట్ల వచ్చిందంటే, వీళ్ళు గుడికి పోవడం మొదలుపెట్టిన కొత్తలో ఊరివాళ్ళు వీళ్ళ చేతి నీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు. అప్పుడు కోటయ్య నాయన శాంతయ్య మొదటి పెద్దగా ఉండి, "మీ చేతి కూడు దేవుడికి ఎంగిలి గాదు, నాకూ గాదు" అని ఇంటింటికీ పోయి కూర్చుని తిన్నాడు. అందుకని ముద్ద వద్దన్నామంటే ఆ ఇంటి మొహాన ఉమ్మినట్టే లెక్క. ఇక పండగ నాడు ఎవురింట్లో చూసినా అరిసెలు, బెల్లం పరమాన్నం, పోళీలు. ఏడాదంతా సంగటి తిన్న జనం, ఆ ఒక్కరోజన్నా తీపి పెట్టకపోతే ఎట్లా?

"ఈ ఏడు పోవద్దయ్యా" అని రూతమ్మ బతిమాలింది.

"పోకుంటే ఎట్లనే? మా నాయన నిలబెట్టిన మాట."

"పోనీ నీకు జబ్బని చెప్పేస్తా."

"చెప్పొద్దు. పండగ పూట నా రోగం పేరు చెప్పి వాళ్ళ పొయ్యిలు ఆర్పొద్దు" అని ఒట్టు పెట్టించుకున్నాడు.

ఒట్టు ఒకపక్క, చీమలు ఒకపక్క. ఆ రెంటి మధ్య నలిగి నలిగి రూతమ్మ తెలివి తక్కువ పని చేసింది. పక్కింటి విజయమ్మ దగ్గరికి పోయి, "వదినా, ఈసారి మా ఆయనకు మీ ఇంట్లో ఏమీ పెట్టొద్దు. ఎందుకని అడగొద్దు" అనింది. విజయమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దు తిరిగే లోపల పల్లెంతా పాకింది, పెద్దాయన ఈ ఏడు మన ఇండ్లల్లో ముద్ద ముట్టడంట అని.

మరుసటి రోజు బావి కాడ ఒక్కరూ రూతమ్మతో మాట్లాడలేదు. చేద అందుకోబోతే ఒకామె లాగేసుకుంది. విజయమ్మ మాత్రం ఊరుకోకుండా, "ఏం వదినా, మీ ఆయన దొర అయిపోయినాడా? మా అరిసె గొంతులో దిగదా? ఊరోళ్ళు అన్నారంటే అన్నారు, మనోళ్ళే అంటే ఎక్కడ చెప్పుకోవాల?" అనింది. ఆ కడాన ఆమె గొంతు వణికింది. కోపమైతే రూతమ్మ తట్టుకునేది. ఆ వణుకును తట్టుకోలేక నిండీ నిండని కడవతో ఇంటికొచ్చి పడింది.

కోటయ్యకూ తెలిసింది. అరవలేదు. "ఎంత పని చేసినావే రూతూ" అని మెల్లగా అన్నాడంతే. "ఇంక నేను ఏ గడపలోనూ వద్దనేదానికి లేదు. పెట్టిందంతా తింటా."

పండగ తెల్లారింది. ఆరాధన అయింది. ఉతికిన పంచె కట్టుకుని కోటయ్య బయల్దేరినాడు. ఆనవాయితీగా పల్లె జనం వెనకాలే నడిచినారు గానీ ఎప్పటిలా పాటల్లో ఊపు లేదు. అందరి చూపూ ఆయన నోటి మీదే. మొదటి ఇంట్లో ప్రార్థన చేసి అరిసె అంతా తిన్నాడు. ఆ ఇంటి ఆడామె మొహం విప్పారింది. తర్వాతి ఇంట్లో పరమాన్నం గిన్నె ఊడ్చి తిన్నాడు. రూతమ్మకు మాత్రం ఆయన ముద్ద మింగినప్పుడల్లా ఆ కాలే కనపడతాంది.

ఆ పక్కనిల్లు పుష్పమ్మ ముసలిదానిది. పల్లెలో అందరికంటే పెద్దది, ఒంటి మనిషి. పెద్దాయన వస్తాడని ఎవరినో అడిగి బెల్లం తెచ్చి పోళీ చేసింది. ఆకులో పెట్టి కోటయ్య ముందుంచింది. కోటయ్య ప్రార్థన ముగించి చెయ్యి చాపినాడు.

"తినొద్దు!"

అంతమందిలో ఆ అరుపు తనదేనని రూతమ్మకే తెలియలేదు. పోయి ఆ ఆకు లాక్కుని గుండెకు పొదువుకుంది. పోళీలోని నెయ్యి రైకకంతా అంటింది. "తింటే చచ్చిపోతాడమ్మా! అతిమూత్రమంట. చీమలు పడతాండాయి. తీపి ముడితే కాలు పోతాదని డాక్టరమ్మ చెప్పింది. మీరు బాధపడతారని చెప్పనియ్యలే. ఆయనకు మీ ఇంటి కూడు చేదు కాదు, నాకు ఆయన కావాల!" అని బోరున ఏడ్చింది.

కోటయ్య తల వంచుకున్నాడు. విజయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొదట కదిలింది పుష్పమ్మ. "ఓసి పిచ్చి కోడలా! పెద్దాయన ముద్దంటే బెల్లమని నీకెవరు చెప్పినారే? మీ మామ శాంతయ్య మొట్టమొదట తిన్నది నా చేతి ముద్దే. అప్పుడు నా ఇంట్లో పోళీ ఎక్కడిది? కరువు రోజులు. జొన్న సంగటి, పచ్చిమిరపకాయ నూరిన కారం. కండ్లెంబడి నీళ్ళు కారతాంటే ఇంకొంచెం పెట్టమన్నాడు. మారాజు! తర్వాత మీకు నాలుగు గింజలు కండ్లబడి, అరిసెలకు ఎగబడినారు" అని లోపలికి పోయింది. ముందునాటి సంగటి ముంతలో మజ్జిగలో నానుతాంది. అందులోంచి ఉసిరికాయంత తీసి, కారం అద్ది, కోటయ్య చేతిలో పెట్టింది. "తిను నాయనా. మీ నాయన తిన్నదే."

కోటయ్య తిన్నాడు. కండ్లెంబడి నీళ్ళు వచ్చినాయి. కారానికో, దేనికో.

ఇంక చూడాల ఆ పల్లెలో సందడి! ఇండ్లల్లో ఉన్న తీపంతా చేటల కింద దాచి సంగటి కోసం పరుగులు. పండగ నాడు సంగటి వండేంత చేతగానోళ్ళమా అని అందరూ వరిబువ్వే వండినారాయె! "ఓ పుష్పమ్మత్తా, నీ ముంతలో ఇంకొంచెం ఉందా? మా ఇంటి పరువు పోతాంది!" అని విజయమ్మ గిన్నె పట్టుకుని ఉరికింది. అరిసె లేకుంటే సిగ్గుపడే జనం ఆ రోజు సంగటి లేదని సిగ్గుపడినారు. ఒకరు కొర్రలు పొయ్యిమీద వేసినారు, ఒకరు వేయించిన పల్లీలు తెచ్చినారు, ఒకరు ఉత్త మజ్జిగే పోసినారు. కోటయ్య ప్రతి గడపా తొక్కినాడు, ప్రతి ఇంట్లోనూ ఇంత ముట్టినాడు. ఆ నడకా ఆయన ఒంటికి మంచిదేనాయె. పాటల్లో ఊపు తిరిగొచ్చింది.

కడాన విజయమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు గానీ తన కాళ్ళు నొప్పెడుతున్న సంగతి రూతమ్మకు తెలిసిరాలేదు. విజయమ్మ చేట కింది నుంచి అరిసె తీసి తెచ్చింది.

"నోరు తెరు వదినా. మొహం చూడు, ఎండిన బీరకాయ మాదిరి. ఎన్నాళ్ళయింది తిని?"

"నాకొద్దు వదినా, ఆయన ముందర..."

"నీకేం రోగం లేదు గదా! ఆయన బతకాలంటే వండిపెట్టే దానివి నువ్వు బతకొద్దా? ఇంకోసారి ఏదన్నా ఉంటే నాకు సగం చెప్పొద్దు, మొత్తం చెప్పు. సగం చెప్తే మిగతా సగం నేనే కల్పించుకుంటా, నా సంగతి నీకు తెలీదా?" అని అరిసె విరిచి నోట్లో కుక్కింది.

రూతమ్మ నమిలింది. ఈసారి గొంతు దిగింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి పొలమారితే విజయమ్మ నెత్తిన తట్టింది. పక్కనే మజ్జిగ గ్లాసు పట్టుకుని కోటయ్య అదే పనిగా చూస్తున్నాడు.

"ఎట్లుందే?"

"తియ్యగా ఉంది."

"కొంచెం గట్టిగా నములు" అన్నాడు కోటయ్య, "చప్పుడన్నా వింటా."