సారొచ్చే దాకా

మా అమ్మాయి వర్ణికకు మెట్రో రైలు నడిపే ఉద్యోగం వచ్చింది. స్వీటు పెట్టెతో ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను "బాగుందమ్మా" అన్నాను. పక్కింటివాళ్లు ఫ్రిజ్ కొన్నారన్నా అలాగే అంటాను. నా మొహం చూసి అది పెట్టె బల్ల మీద పెట్టేసింది.

"నాన్నా, నీకు సంతోషంగా లేదా?"

"ఎందుకు లేదూ?" అన్నాను గానీ, వెతికితే లోపల ఏమీ దొరకలేదు. ట్రైనింగ్ అయ్యాక ఎర్రగడ్డ మీదుగా అది మొదటి రైలు నడిపే రోజున నేను ముందు పెట్టెలో కూర్చోవాలట. అక్కడ కూడా ఇలాగే దిమ్మలా కూర్చుంటానేమోనని భయం వేసింది.

దాంతో వర్ణికే జూబ్లీ హిల్స్‌లో ఒక కౌన్సెలర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. కృష్ణానగర్ నుంచి ఆటోలో కొండెక్కాను. అక్కడి ఇళ్లలో కుక్కలకే డాక్టర్లు గుమ్మంలోకి వస్తారు. మనసుకి డాక్టరుంటే వింతేముంది.

కౌన్సెలర్ పేరు పద్మప్రియ. నన్ను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, "లోపల ఎలా ఉంటుందో చెప్పండి అచ్యుతం గారూ" అంది.

"ఖాళీగానండీ. సామాను ఎత్తేసిన సెట్టులా."

"మీరేం పని చేస్తారు?"

"నిలబడతానండీ."

ఆవిడకు అర్థం కాలేదు. చెప్పాను. సినిమాల్లో షాటుకు ముందు లైట్లు పెట్టుకోవడానికి గంట పడుతుంది. అంతసేపు హీరో నిలబడడు కదా. ఆయన ఎత్తు, ఆయన రంగు ఉన్నవాడొకడు నేల మీద గుర్తు పెట్టిన చోట నిలబడితే కెమెరామన్ వెలుగు సరిచూసుకుంటాడు. అంతా కుదిరాక "సారొచ్చారు" అని కేకేస్తారు. వాడు పక్కకు తప్పుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా అలా నిలబడేవాణ్ణి నేనే. పెళ్లిపీటల మీద కూర్చున్నాను, కోర్టు బోనులో నిలబడ్డాను, చనిపోయిన తల్లి పక్కన మోకాళ్ల మీద ఉన్నాను. ప్రతిసారీ తాళి కట్టకముందే, ఏడవకముందే లేచి వచ్చేశాను.

"అమ్మాయి ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు ఏం చేశారు?"

"బాగుందన్నానండీ."

"అనకముందు?"

గుర్తు చేసుకుంటే సిగ్గేసింది. "గుమ్మం వైపు చూశానండీ."

"ఎవరి కోసం?"

"అంత మంచి కబురు కదండీ. వినాల్సినాయన ఎవరో వస్తారన్నట్టు చూశాను."

పద్మప్రియ రాసుకోవడం ఆపేసింది. "ఖాళీ అంటున్నారు గానీ, సంతోషం వచ్చే ఉంటుందండీ. తీసుకోవడానికి అక్కడ మీరే లేరేమో."

నేను బదులు చెప్పేలోపే తలుపు తెరుచుకుంది. బయట పేర్లు రాసుకునే శకుంతలమ్మ తల లోపలికి పెట్టింది.

"మేడమ్, ఏమనుకోకుర్రి. సార్ జర ముందుగాల వచ్చిండ్రు. కింద పోరగాళ్లు ఫోటోలని మీద పడుతుండ్రు, గందుకే తీస్కొచ్చిన."

ఆమె వెనక ఉన్నది పెద్ద హీరో. పేరు చెప్పను, ఇలాంటి చోటికి వచ్చేవాళ్ల పేర్లు బయటపెట్టకూడదట. ఆయన నాలుగు సినిమాలకు నేను లైట్ల కింద కాలాను. నా పేరు ఆయనకు తెలియదు.

నేను లేచాను. లేచిన సంగతే నాకు తెలియదు. కిటికీ వెలుగు ఆయన మొహమ్మీద పడేట్టు కుర్చీ కొంచెం తిప్పి, గోడవారకు తప్పుకున్నాను. ఆయన కూడా నేరుగా వచ్చి అందులో కూర్చున్నాడు.

పద్మప్రియ ఒకసారి గోడవార నన్ను, ఒకసారి కుర్చీలో ఆయన్ను చూసింది.

"అచ్యుతం గారూ, మీకింకా ఇరవై నిమిషాలుంది. ఎందుకు లేచారు?"

"సారొచ్చారు కదండీ."

"ఇదేమన్నా షూటింగా?"

హీరో నాలిక కరుచుకుని లేవబోయాడు. ఆవిడ చెయ్యి చూపించి ఆపింది. "మీరాగండి. ఆయన్ని అడగనివ్వండి."

అడగడమా. ఈయన్ని లేవమనడానికి నిర్మాతలే జంకుతారు.

"అడుగన్నా, ఫికర్ జేయకు. నీ కుర్సీయే గదా" అని శకుంతలమ్మ గుమ్మంలోంచి గొణిగింది.

"సార్, లేవండి. అది నా కుర్చీ."

ఆయన వెంటనే లేచాడు. "సారీ అండీ. కుర్చీ కనబడితే కూర్చోవడమే అలవాటైపోయింది. ఎవరిదో ఎప్పుడూ చూళ్లేదు" అంటూ, నేను నిలబడ్డ గోడవారకే వెళ్లి బుద్ధిగా నిలబడ్డాడు. నేను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

"మంచిగున్నది. ఇయ్యాల సారే డూపు" అంది శకుంతలమ్మ.

ముందు ఆయనే నవ్వాడు. తర్వాత నేను నవ్వాను. పొట్ట పట్టుకుని, కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాను. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో, రైలు నడపబోయేది నా కూతురన్న మాట మొదటిసారి లోపలికి దిగింది.

హీరోను శకుంతలమ్మ పక్క గదికి తీసుకెళ్లాక, పద్మప్రియను అడిగి అక్కడినుంచే ఫోన్ చేశాను.

"నాన్నా, క్లాసులోంచి బయటికొచ్చా. ఏమైంది?"

"నీ ఉద్యోగం సంగతి మళ్లీ చెప్పు."

"ఏంటి?"

"మొదట్నుంచీ చెప్పు. ఆ రోజు నేను సరిగా వినలేదు."

వర్ణిక మెల్లగా మొదలుపెట్టింది. పరీక్ష రోజు చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని ఎలా వెళ్లిందో, ఇంటర్వ్యూలో తెల్ల మీసాలాయన ఎలా బెదరగొట్టాడో, జాబితాలో తన పేరు చూసి మెట్ల మీద ఎలా కూలబడిందో. ఇవన్నీ దాని దగ్గర ఇన్నాళ్లూ ఉన్నాయి.

"నాన్నా, ఏడుస్తున్నావా?"

"లేదే, నవ్వుతున్నా. ఆ మీసాలాయనకి నువ్వేం చెప్పావో, అది ఇంకోసారి చెప్పు."