సీసాలో లేని సాలీడు

నేను ఒక చిన్న గాజు సీసాను. ఆ సోమవారం పొద్దున షాహీన్ నన్ను వెలుతురుకు ఎత్తి చూసేసరికి నా కడుపులో స్పిరిట్ ఉంది, సాలీడు లేదు.

ఫిరోజాబాద్ కొలిమిలో పుట్టి, మొదట కర్నూలులో ఒక హోమియో డాక్టరు దగ్గర తీపి గోళీలు మోశాను. జబ్బు తగ్గితే డాక్టరును పొగిడేవారు, తగ్గకపోతే నన్ను ఊపి చూసేవారు. మనుషుల సంగతి నాకు అప్పుడే అర్థమైంది. ఆయన దుకాణం ఎత్తేశాక ఈ కాలేజీ జంతుశాస్త్రం ల్యాబుకు చేరాను.

షాహీన్ ఇక్కడ పరిశోధన చేసే అమ్మాయి. నాలో వేసింది నేలసాలీడును. అది గూడు అల్లదు, రాళ్ళ కింద పరుగులు పెడుతుంది. పైకి అన్ని రకాలూ ఒకేలా ఉంటాయి. ఏ జాతో తేలాలంటే మగదాని నోటి పక్కనుండే బుల్లి చేతుల చివర బొడిపెను మైక్రోస్కోపు కింద చూడాలి. ఆ మగవేమో తొలకరిలో కొద్దిరోజులే బయట తిరుగుతాయి. ఈ పిల్ల రెండేళ్ళు కొండరాళ్ళు తిరగేసి ఒకే ఒక్కదాన్ని పట్టింది. ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని జాతి అని తేల్చి, బొమ్మ గీసింది. కానీ అసలు సాలీడును మ్యూజియానికి అప్పగించకపోతే పేరు చెల్లదు, ఆమె శ్రమా చెల్లదు.

ఆమె గైడు ఓబుళేసు గారు వెంటనే విచారణ మొదలుపెట్టారు. ముందు చీమలన్నారు. మూత బిగించిన సీసాలోకి, అందులోనూ స్పిరిట్‌లోకి చీమలట! నాకు నోరుంది గానీ మాట లేదు, ఏం చేయను? తర్వాత అటెండరు మద్దిలేటి మీద పడ్డారు. అతను ఊడుస్తున్న చీపురు కూడా ఆపలేదు.

"స్పిరిట్ తాగినానంటే ఎవురన్నా నమ్ముతారు సార్. పురుగును నేనేం జేసుకుంటా?"

చివరికి షాహీన్‌కే అజాగ్రత్త అంటగట్టారు. ఆమె మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళింది. దాని కింద ఎండిపోయిన గాజు గిన్నె, అందులో అతుక్కుపోయిన ఒక సాలీడు కాలు. కన్ను ఆనించి చూసి తల తిప్పింది.

"సార్, దీని ఫోకస్ కళ్ళద్దాలు తీసి చూసే మీ చూపుకు తిప్పి ఉంది. నాకేమీ ఆనడం లేదు."

ఓబుళేసు గారు కళ్ళద్దాలు తీసి, స్టూలు మీద కూలబడ్డారు.

"నీ బొమ్మ తప్పని చూపించాలని నిన్న నేనే వచ్చి బయటికి తీసినా షాహీన్. చానాసేపు చూసినా. బొమ్మ కరెక్టే. అది మింగుడు పడక టీకి పోయినా. వచ్చేసరికి స్పిరిట్ ఆరి, అది ఎండిపోయింది. సూదితో కదిలిస్తే కాలూడింది. చెమటలు పట్టి ఫ్యాన్ వేసినా తల్లీ. నా కళ్ళెదురుగానే కిటికీలోంచి ఎగిరిపాయ."