ఎడమచేతి నిద్ర

అయితే నిద్రపోయింది ఎడమచెయ్యన్నమాట, తను కాదు. ఎంతసేపు ఆలోచించినా జ్ఞానమ్మకి మనసు ఈ మాట దగ్గరికే వచ్చి ఆగుతోంది, ఆగినప్పుడల్లా కొంచెం నవ్వొస్తోంది.

పొద్దున్న తొమ్మిదిన్నరయింది. ఆమె వీధి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో సగం అల్లిన లేసు టేబుల్ గుడ్డ, దాని మీద ఫోను. ఫోనులో, చేతివాచీ రాసిన రాత్రి నిద్ర లెక్క కనిపిస్తోంది. పది దాటి అయిదు నిమిషాలకి పడుకుంది, అయిదుంబావుకి లేచింది, మొత్తం ఏడు గంటల పది నిమిషాలు. వందకి ఎనభై ఆరు మార్కులు. పక్కనే ఒక బుల్లి చందమామ బొమ్మ.

తను లేచింది రెండూ నలభైకి. ముందుగదిలో లైటు వేసుకుని, పాలవాడు గేటు తట్టేదాకా లేసు అల్లింది. కలగన్నానేమో అనుకోవడానికి వీల్లేదు, ఆ అల్లిక ఒళ్ళోనే ఉంది.

కిటుకు కనిపెట్టడానికి ఆమెకి మూడు మధ్యాహ్నాలు పట్టింది. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఏ ఆడమనిషిని చూసినా ఎడమచెయ్యి కదలదు. చూపుడువేలికి దారం చుట్టుకుని, బొటనవేలితో అల్లిక పట్టుకుని, మోకాలి మీద ఉన్నచోటే ఉంటుంది. పనంతా సూది పట్టిన కుడిచేతిది. కదలికని బట్టి నిద్ర లెక్కగట్టే వాచీ ఉన్నది ఎడమచేతికి. సోమవారం మధ్యాహ్నం అలాగే రెండు గంటలు అల్లి చూసింది. గంటన్నర కునుకు అని రాసుకుంది వాచీ. మంగళవారం కుడిచేతికి మార్చి అల్లింది. నిద్ర ఊసే లేదు. బుధవారం మళ్ళీ ఎడమచేతికి, మళ్ళీ కునుకే. పువ్వుకి ఎన్ని రేకులో, రేకుకి ఎన్ని గొలుసు కుట్లో ముప్ఫై ఏళ్ళుగా లెక్కపెడుతున్న మనిషి. లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకోవడం ఆమెకి కొత్త కాదు.

వాచీ ఇచ్చింది కూతురు దీవెన. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో నర్సు. మూడు నెలల కిందట అక్కడి డాక్టరుగారు నిద్రమాత్రలు రాశారు. నిద్రయితే వచ్చింది గాని, పగలంతా వేళ్ళు పిండిలో పెట్టినట్టు బరువెక్కి, సూది ఎక్కడ గుచ్చుతోందో తెలిసేది కాదు. పది రోజులకి ఆమె మానేసింది. సరే, ఒక నెల వాచీ కట్టుకుని చూద్దామన్నారు డాక్టరుగారు. సాయంత్రం నాలుగు దాటాక టీ వద్దు, మంచం మీద ఫోను వద్దు, రోజూ ఒకే వేళకి పడక. అయినా వాచీలో అయిదు గంటలు దాటకపోతే మళ్ళీ మాత్రలే. ఆ నెల ఇవాళ్టితో సరి.

మొదటి వారం మార్కులు యాభై దాటలేదు. రెండో వారం నుంచి ఒక్కసారిగా పెరిగాయి. డాక్టరుగారు చెప్పినవి పాటించడం వల్లే అనుకుంది జ్ఞానమ్మ. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే తెలుస్తోంది. మొదటి వారం మెలకువ వచ్చాక మంచం మీదే దొర్లింది. రెండో వారం నుంచి, దొర్లడం ఎందుకని, లేచి లేసు పట్టుకుంది.

వింత అది కాదు. ఎనభై దాటిన రోజున ఒళ్ళు నిజంగానే తేలిగ్గా ఉన్నట్టనిపించేది. ఆ అంకె చూశాక, కళ్ళలో మంట కూడా దుమ్ము వల్లే అనిపించేది. మనసుకి ఒక మంచి మాట చాలు, దాని చుట్టూ మిగతాదంతా అదే అల్లేసుకుంటుంది. ఇప్పుడు కూడా అది ఊరుకోవడం లేదు. అల్లుతున్నంతసేపూ నీకు ఏ ఆలోచనా ఉండదుగా, అదీ ఒక నిద్రేగా, వాచీ చెప్పింది తప్పెలా అవుతుంది, అంటోంది.

మెలకువకి కారణమూ ఆమెకి తెలుసు. భర్త సాల్మన్ రైల్వేలో ఇరవై ఆరేళ్ళు తెల్లవారుజాము డ్యూటీ చేశాడు. ఆయన క్యారేజీ కోసం ఆమె రెండూ నలభైకి లేచేది. ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. ఉద్యోగం ఆయన ఒంటిని వదిలింది గాని తన ఒంటిని వదల్లేదు.

సాల్మన్ పేపరు చంకలో పెట్టుకుని వరండాలోకి వచ్చాడు.

"ఏంటి జ్ఞానమ్మా, ఇవాళెన్నొచ్చాయి మార్కులు?"

"ఎనభై ఆరండి."

"అబ్బో! నాకు టెన్తులో అన్నీ కలిపినా అన్ని రాలేదు. మరి అంత నిద్రపోయినదానివి నిన్న బండి మీద సంచీ ఎందుకొదిలేసేవు? రొయ్యలన్నీ రోడ్డుపాలు."

"మీరు గుంటలో దింపారు కదండీ, చెయ్యి జారింది."

"గుంటేదీ? నున్నటి సిమెంటు రోడ్డు!" అని నవ్వుకుంటూ ఆయన టీ కోసం వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

గుంట లేదు. స్కూటరు వెనక పక్కకి తిరిగి కూర్చున్న జ్ఞానమ్మకి రెప్పపాటు కునుకు పట్టింది. ముందు సంచీ పట్టుకున్న చెయ్యి వదులైంది. సీటు పట్టుకున్న చెయ్యి కూడా వదులవుతుండగా సంచీ పడిన చప్పుడికి కళ్ళు తెరిచింది. వెనకే ఇసుక లారీ. బ్రేకు వేసిన డ్రైవరు మొహం ఆమెకి ఇంకా కనిపిస్తోంది. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఆమె టేబుల్ గుడ్డని వెలుగులోకి చాపింది. రేకుకి ఏడు గొలుసులుండాలి. తెల్లవారుజామున అల్లిన రెండు వరసల్లో వేలుపెట్టి లెక్కపెట్టుకుంటూ పోయింది. ఏడు, ఏడు, ఆరు. ఇంకోచోట ఆరు. ఆపైన అయిదు. మాత్రలు లేకపోయినా వేళ్ళు తప్పుతూనే ఉన్నాయన్నమాట. మనసు చెప్పిన వాదన అక్కడితో ముగిసింది. అది నిద్రా కాదు, పనీ కాదు. కొస పట్టుకుని మెల్లగా లాగి, రెండు వరసలూ విప్పేసింది.

దారం ఉండ చుడుతుండగా ఫోను మోగింది. దీవెన.

"అమ్మా, ఫొటో పంపలేదేంటి? పదకొండుకి డాక్టరుగారి దగ్గరికెళ్తున్నా."

"పంపుతానే."

"నిన్నటి ఎనభై నాలుగు చూసి మా సిస్టర్లంతా కుళ్ళుకున్నారమ్మా. నైట్ డ్యూటీలతో మా మొహాలకి నలభై కూడా రావు. ఇంక నీకు మాత్రల గొడవుండదులే."

"ఆయన్నొకటి అడుగు. వేళ్ళు మొద్దుబారని మందేదన్నా ఉందేమో. మందు కాకపోతే, రోజూ ఒకే టైముకొచ్చే మెలకువ మాన్పించే ఉపాయమేదన్నా ఉందేమో."

"ఇంత బాగా నిద్రపోతుంటే అవన్నీ ఎందుకమ్మా?"

"ఫొటో చూశాక నువ్వే అడుగుతావులే. వాచీ తప్పు రాస్తే దిద్దడం నేర్పించేవు గదా, అదెక్కడ నొక్కాలే?"

"లేచిన టైము పక్కన పెన్సిల్ బొమ్మ ఉంటుంది. ఏంటమ్మా, ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఏమన్నా కాకముందే చెబుతున్నాను. ఉండు."

జ్ఞానమ్మ ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, అయిదుంబావు తీసేసి రెండూ నలభై పెట్టింది. ఏడు గంటల పది నిమిషాలు కాస్తా నాలుగు గంటల ముప్ఫై అయిదు నిమిషాలయ్యాయి. చందమామ పోయింది. ఆ పేజీని ఫొటో తీసి కూతురికి పంపింది.